మోత ఎక్కువున్నదే కావాలి

పెద్ద మేడం ఆ చొక్కాను బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, టేపు తీసి తనే కొలిచింది. భుజం తక్కువ, ఛాతీ తక్కువ, పొడవు మరీ తక్కువ. కుట్టినప్పుడు నిక్షేపంలా ఉన్న చొక్కా, ఒక్క ఉతుకు పడేసరికి తమ్ముడి చొక్కా అన్నకి తొడిగినట్టు తయారైంది. అలాంటివి వెనక గదిలో గుట్టలుగా పడున్నాయి, ఎవరికీ పనికిరాకుండా.

"అలవెన్స్ ఎవరు తీసేశారు?" అంది పెద్ద మేడం. ఫ్యాక్టరీ ఆవిడది.

ఉతికితే గుడ్డ ముడుచుకుంటుంది కదా, అందుకని కత్తిరించే ముందే కొలతలు కాస్త పెద్దవి చేసి గీసుకుంటారు. ఆ కాస్తనే అక్కడ అలవెన్స్ అంటారు. అది గీసేది ప్యాటర్నమ్మ. చొక్కా ముక్కల నమూనాలన్నీ కంప్యూటర్లో పేర్చి, ఏ ముక్క ఎక్కడ పడితే గుడ్డ వృథా కాదో చూసి, ఆ పటాన్ని, అంటే మార్కరుని, గీసి కోతకి పంపే పని ఆవిడది. కుట్టు లైన్లో ఎవరో ఆ పేరు పెట్టారు, అతుక్కుపోయింది.

"నేనే తీశాను మేడం. మేనేజర్ గారు తీసెయ్యమన్నారు," అంది ప్యాటర్నమ్మ. "నా కుర్చీ పక్కన నిలబడి మరీ చెప్పారు. ఈ గుడ్డ ముందే ఉతికి వచ్చింది, అలవెన్స్ తీసెయ్, గుడ్డ కలిసొస్తుంది అన్నారు."

మేనేజరు మొహంలో రంగు కూడా మారలేదు. "నేనా?" అన్నాడు, ఎవరో దారినపోయే మనిషి సంగతి అడిగినట్టు. "నేనలా ఎందుకంటాను మేడం? అంత తెలివితక్కువవాడిలా కనిపిస్తున్నానా?"

ఇంత పచ్చి అబద్ధం ఇంత చల్లగా ఆడగలిగిన మనిషిని ప్యాటర్నమ్మ అంతవరకూ చూడలేదు. "బాబాయ్ అక్కడే ఉన్నాడు. అడగండి బాబాయ్‌ని," అంది.

బాబాయంటే కటింగ్ మాస్టరు. చుట్టరికం ఏమీ లేదు. కాకపోతే, ప్యాటర్నమ్మ ఆ ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లో సుద్దముక్క పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. అందరూ మాస్టరంటే ఆవిడొక్కతే బాబాయంటుంది, నువ్వంటుంది. ఇప్పుడు అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మెడలో వేలాడుతున్న టేపుని రెండు కొసలూ సమంగా వచ్చేదాకా సర్దుకున్నాడు.

"సారు ఏదో అన్నారు మేడం, నోరు కదలడం చూశాను. ఏమన్నారో మాత్రం వినపడలేదు. ఆ కంప్యూటర్ మోత మీకూ తెలుసు కదా," అన్నాడు.

మోత సంగతి తెలియంది ఎవరికి! ఆ కంప్యూటర్ అక్కడ అందరికంటే సీనియరు. కొత్తవి కొన్నారు గానీ, మార్కర్లు కాగితం మీద గీసిచ్చే పెద్ద యంత్రం ఆ ముసలిదాని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. అందుకని భరిస్తున్నారు. దాని ఫ్యాను పొద్దున్నే గురకతో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి మూలిగి, సాయంత్రానికి గరగరమని ప్రాణం తోడేస్తుంది.

పెద్ద మేడం టేపు చుట్టేసింది. "సరే. ఇక మీద నువ్వు వేసిన మార్కరు నేరుగా కోతకి పోకూడదు. మాస్టరు చూసి, సంతకం పెట్టాకే కత్తెర పడాలి. మేనేజర్ గారూ, ముందు ఆ ఫ్యాను మార్పించండి. ఒక మనిషన్న మాట ఇంకో మనిషికి వినపడని గదిలో పనేం జరుగుతుంది?"

ప్యాటర్నమ్మకి తల కొట్టేసినట్టయింది. చేతికిందకి వచ్చిన కొత్త పిల్లల మార్కర్లు తను దిద్దింది గానీ, తన మార్కరు ఇంకొకరు దిద్దడం ఎన్నడూ లేదు. ఇప్పుడు లైన్లో కూర్చున్న ప్రతి మనిషికీ తెలిసిపోతుంది, ప్యాటర్నమ్మ గీత నమ్మడానికి లేదని.

బయటికొచ్చాక మాస్టరు గబగబా వెనకే వచ్చాడు. "ఏమనుకోకమ్మాయ్. వినపడి ఉంటే చెప్పనా?"

"నిన్నెందుకంటాను బాబాయ్, నువ్వేం చేస్తావ్? అబద్ధమాడిన ఆ మనిషి నోరు పడిపోను! నయం, నా మార్కర్లు నీ చేతిలో పడ్డాయి. ఆయన చేతిలో పడుంటే ఈపాటికి రాజీనామా పడేసేదాన్ని," అంది ప్యాటర్నమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

*

"ఏ ఫ్యాను కావాలో నువ్వే చూసి తెచ్చుకో. నాకు మాత్రం చప్పుడన్నది వినపడకూడదు. ఆ గోడవతల కూర్చుని నా బుర్ర పిండైపోతోంది," అన్నాడు మేనేజరు మర్నాడు, ప్యాటర్నమ్మ మొహంలోకి చూడకుండా.

గోడంటే గోడ కాదు, ప్లైవుడ్డు చెక్క. ప్యాటర్నమ్మ బల్ల దానికి ఆనుకుని ఉంటుంది. బల్ల కింద కంప్యూటర్ డబ్బా, దాని వీపు చెక్కకి. చెక్క అవతల మేనేజరు కుర్చీ. గదికి ఈ చివర ఇది, ఆ చివర మాస్టరు గుడ్డ పరిచి కోసే పొడుగాటి బల్ల. మధ్యలో నడుమెత్తున గుడ్డ తానులు పేర్చి ఉంటాయి.

ఆవిడ డబ్బా పక్కరేకు ఊడదీసింది. లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. అదంతా బ్రష్షుతో దులిపి, మళ్ళీ వేసి చూసింది. మోత అలాగే ఉంది. లోపల తిరిగేవి రెండు మూడున్నాయి, ఏది అరుస్తోందో తెలియాలి కదా. పెన్సిల్ వెనకున్న రబ్బరుని వెనక ఫ్యాను నడిమి బొడిపె మీద మెల్లగా ఆనించింది. రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. గది ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో చెక్క అవతల్నుంచి "హమ్మయ్య" అని ఓ నిట్టూర్పు వినపడింది. కాళ్ళు బార్లా చాపుకుని, కుర్చీ వెనక్కి వాల్చిన చప్పుడు కూడా వినపడింది.

హమ్మయ్యా? ప్యాటర్నమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను నలుగురిలో దొంగని చేసి, నువ్వక్కడ హమ్మయ్య అనుకుంటావా? ఉండు నీ పని చెప్తాను, అనుకుని పెన్సిల్ తీసేసింది. ఫ్యాను గర్రుమని అందుకుంది. అవతల కుర్చీ కిర్రుమంది. ఆవిడ మళ్ళీ ఆపింది, మళ్ళీ వదిలింది. ఏ ఫ్యాను కొనాలో అప్పుడే తేలిపోయింది.

కంప్యూటర్ సామాన్ల దుకాణంలో కౌంటరు వెనక ఒకావిడ కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ఏదో బోర్డు తుడుస్తోంది. ప్యాటర్నమ్మ కొలత చెప్పింది.

"అలాంటి సైజే లేదే. దేన్నుంచి దేనికి కొలిచారు?"

"స్క్రూ బెజ్జం నడిమి నుంచి పక్క బెజ్జం నడిమికి."

దుకాణం ఆవిడ ఫక్కున నవ్వింది. "మీది కుట్టుపనా? గుండీ నుంచి గుండీకి కొలిచినట్టు కొలిచారు! ఫ్యానుకి అంచు నుంచి అంచుకి కొలవాలండి. పర్లేదు, బెజ్జాల దూరం తెలిస్తే సైజు నేను చెప్పేస్తాను." వెనక అరలోంచి అట్టపెట్టెలు తీసి ముందు పెట్టింది. "ఇది చవక. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి మళ్ళీ గరగర మొదలెడుతుంది. ఇదైతే నూనె బేరింగుది, నింపాదిగా తిరుగుతుంది, పక్కనే కూర్చున్నా తెలియదు. అందరూ ఇదే పట్టుకెళ్తారు."

"అన్నిటికంటే మోత ఎక్కువుండేది ఏది?"

"ఎందుకు, అది తీసుకోకుండా ఉండటానికా?"

"కాదండీ. మోత ఎక్కువున్నదే కావాలి."

దుకాణం ఆవిడ కళ్ళజోడు కిందకి దించుకుని ప్యాటర్నమ్మని ఎగాదిగా చూసింది. "ఎవరి మీదండీ కోపం?"

"మా మేనేజరు మీద. గోడవతల కూర్చుంటాడు."

"గోడ ఇటుకలదా, చెక్కదా?"

"ప్లైవుడ్డు."

"అబ్బో!" అని ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కి, పై అరలోంచి దిమ్మలాంటి ఫ్యాను ఒకటి దించింది. "ఇది మనుషులెవరూ కూర్చోని గదుల్లో పెట్టే పెద్ద కంప్యూటర్లది. మీ బెజ్జాలకి సరిపోతుంది, మందం మాత్రం రెట్టింపు. బోర్డుకి తగిలించకండి, నేరుగా పవరు తీగకి తగిలించండి. అప్పుడిక తగ్గడమనేది ఉండదు, వేసింది మొదలు కట్టేదాకా ఒకటే పరుగు. స్క్రూలు బాగా బిగించండి, రేకు కూడా దాంతో కలిసి అరుస్తుంది." పొట్లం కడుతూ ధైర్యం కూడా చెప్పింది. "మీ కంప్యూటర్‌కి ఢోకా లేదు. చల్లగా మంచులా ఉంటుంది."

మర్నాడు ప్యాటర్నమ్మ అది బిగించి స్విచ్చి వేసేసరికి, బల్ల మీది సుద్దముక్కలు వణికాయి. పాత ఫ్యాను మూలిగేది, ఇది ఊళ పెట్టింది. అవతల మేనేజరు ఫోనులో "హలో, హలో" అని అరిచి, బయటికి పరిగెత్తి, మెట్ల మీద నిలబడి మాట్లాడుకున్నాడు. మధ్యాహ్నానికి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. దూది తీసి ఒక మాట విని, మళ్ళీ పెట్టుకునేవాడు. కుట్టు లైన్లో అమ్మాయిలు అటు చూసి ఇటు తిరిగి నవ్వుకున్నారు. ప్యాటర్నమ్మ ప్రాణం లేచొచ్చింది.

మార్కరు గీసిన కాగితాలు చుట్ట చుట్టి ఆ చివరికి తీసుకెళ్తే, మాస్టరు వాటిని బల్ల మీద పరిచి, ముక్కు కాగితానికి ఆనుతుందేమో అన్నంతగా వంగి చూసేవాడు. "ఈ కాలరు ముక్క నూలుపోగంత జరుపమ్మాయ్," అనేవాడు. జరపాల్సిన పనేం లేదు. అయినా ఆవిడ జరిపి తెచ్చేది. పాపం, మేడం చూడమంది కదా, ఏదో ఒకటి అనకపోతే బాగుండదని అంటున్నాడులే అనుకుంది.

ఇంట్లో వంటింటి గట్టు దగ్గర కూరగాయలు తరుగుతున్న మొగుడు ఆ సాయంత్రం కత్తి కింద పెట్టేశాడు. "అలా అరుస్తావేంటే? పక్కనే ఉన్నానుగా."

"అరుస్తున్నానా?"

"ఊరంతటికీ వినపడేలా. ఆ మేనేజరు చెవుల సంగతి దేవుడెరుగు, ముందు నీవి పోతాయి."

"పోతే పోనీ. ముందాయనవి పోవాలి," అంది ప్యాటర్నమ్మ, ఇంకాస్త గట్టిగా.

*

మేనేజరు ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు? ఓ పొద్దున్న దూది విసిరికొట్టి, ఒంటికాలి మీద లేచి వచ్చాడు.

"ఇది ఫ్యానా, పిండిమరా? దీనికంటే పాతదే నయం! ఎల్లుండి మేడం వస్తోంది, ఆలోగా మార్చావా సరే సరి, లేకపోతే ఇది కూడా నీ తెలివే అని చెబుతాను."

"షాపులో ఇదే ఇచ్చారు సార్. కనుక్కుంటాను," అంది ప్యాటర్నమ్మ అమాయకంగా.

కనుక్కోవడానికి ఫోను చేస్తే దుకాణం ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత అంది, "ఒక పని చేయండి. మోత కొలిచే యాప్ ఉంటుంది, ఫోన్లో వేసుకోండి. మీ కుర్చీలో ఒకసారి, మీ సారు కుర్చీలో ఒకసారి, గది ఆ చివర ఒకసారి చూడండి. మోత ఎటు పోతోందో తెలిస్తే, దానికి తగ్గది ఇస్తాను. అన్నట్టు, మీ సారుకి ఎంత తగులుతోందో కూడా చూసుకోవచ్చు."

ఆ చివరి మాట ప్యాటర్నమ్మకి భలే నచ్చింది. మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక, ఫ్యాను ఆపకుండా, ఫోను పట్టుకుని బయల్దేరింది. తన కుర్చీ దగ్గర ముల్లు ఎర్రగీత దాటింది. మేనేజరు గదిలో ఇంకా పైకి పోయింది. డబ్బా వీపు అటే కదా, గాలీ మోతా అన్నీ చెక్కకే కొడుతున్నాయి. ఆ ముల్లుని చూస్తూ ఆవిడ కాసేపు అక్కడే నిలబడి ఆనందించింది. తర్వాత తానుల పక్కనుంచి చుట్టూ తిరిగి ఆ చివరికి వెళ్ళి, మాస్టరు రోజూ నిలబడే చోట నిలబడింది.

ముల్లు పడిపోయింది.

ఫోను పాడైందనుకుని చేత్తో తట్టింది. తర్వాత తల ఎత్తి విన్నది. ఎక్కడో దూరంగా తేనెటీగ తిరుగుతున్నట్టుంది, అంతే. మోత పుట్టేది బల్ల కింద, నేల మట్టానికి. ఒక పక్క చెక్క, రెండో పక్క నడుమెత్తు తానులు. మోతనంతా గుడ్డ తాగేస్తోంది. రోజంతా దాని పక్కనే కూర్చునే మనిషి కాబట్టి, గదంతా అలాగే ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ. ఆ చివర ఎలా ఉంటుందో వచ్చి చూసిందెప్పుడు? మార్కరు ఇచ్చి, ఆ హోరు చెవుల్లో పెట్టుకునే తిరిగిపోయేది.

అప్పుడే ఇస్త్రీ చేసే అక్క రెండు టీలు పట్టుకుని కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. తానుల మీదుగా ఆవిడ తల, భుజాలు కనిపిస్తున్నాయి. ఖాళీ కుర్చీ చూసి తనలో తను గొణుక్కుంది. "ఎక్కడ పెత్తనాలకి పోయిందో మహాతల్లి. టీ చల్లారిపోతోంది."

గొణుగుడే. అయినా తానుల పైనుంచి ప్యాటర్నమ్మకి ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది.

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. ఆ రోజు మేనేజరు నిలబడింది సరిగ్గా అక్క నిలబడ్డ చోటే. అతను గొణగలేదు. మోతకి అందరూ గొంతు పెంచినట్టే అతనూ పెంచి, దాదాపు అరిచి చెప్పాడు. పైగా అప్పుడున్నది పాత ఫ్యాను, దీని ముందు అదెంత! ఈ బల్ల దగ్గర నిలబడ్డ మనిషికి వినపడకపోవడమన్నది లేదు. చెవుడుంటే తప్ప. బాబాయ్‌కి చెవుడు లేదు. కుట్టు లైన్లో సూది విరిగితే ఏ మిషను మీదో చెప్పే మనిషి.

"ఇక్కడున్నావా? టీ తాగవా?" అని అక్క కేకేసింది.

"పెట్టు, వస్తున్నా," అంది ప్యాటర్నమ్మ. మేనేజరు అబద్ధమాడినప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు మంట కూడా లేదు. వినపడి ఉంటే చెప్పనా అన్నాడు, వెనకాలే పరిగెత్తుకొచ్చి మరీ అన్నాడు. నయం నీ చేతిలో పడ్డాయి అని తను సంబరపడుతుంటే విని ఊరుకున్నాడు. ఆ తర్వాత రోజూ తన మార్కరు మీద సంతకం పెడుతూ, కాలరు ముక్క జరపమన్నాడు!

మంట అప్పుడు మొదలైంది. ఇంటికి పోయేటప్పటికి అది మేనేజరుని దాటిపోయింది. మొగుడు ఏమైందని అడిగితే చెప్పలేదు. ఆ సాయంత్రం ఆవిడ గొంతే లేవలేదు.

మర్నాడు దుకాణానికి వెళ్ళి, నింపాదిగా తిరిగే నూనె బేరింగు ఫ్యానుని తనే ఏరుకుంది. ఈసారి అంచు నుంచి అంచుకి కొలిచి చూసుకుంది. వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. స్క్రూలకి బదులు రబ్బరు మేకులు అడిగి తీసుకుంది, రేకుకి అదురు తగలకుండా.

"మీ సారు దారికొచ్చాడా?" అంది దుకాణం ఆవిడ.

"సారుని పక్కన పెట్టానండీ. ఇంకొకాయన తేలాడు," అంది ప్యాటర్నమ్మ. ఫ్యానుని సంచిలో పెట్టుకుంది గానీ, బిగించలేదు. పెద్ద మేడం వచ్చేదాకా ఆ దిమ్మనే తిరగనిచ్చింది.

*

పెద్ద మేడం గదిలోకి అడుగు పెడుతూనే చెవులు మూసుకుంది. వెనకే మేనేజరు చేతులు తిప్పుతూ వచ్చాడు.

"చూడండి మేడం, చప్పుడు తగ్గించమంటే ఏం తెచ్చి పెట్టిందో! పాత మోత దీని ముందు ఏ మూలకి?"

"అంటే పాతదానికంటే ఇది బాగా ఎక్కువంటారు," అంది ప్యాటర్నమ్మ ఎంతో వినయంగా.

"బాగానా? నాలుగింతలు!"

"అదేనండీ, మేడంకి తెలియాలనే ఉంచాను. మేడం, ఒక్క క్షణం నా కుర్చీలో కూర్చోండి. కూర్చుని అటు మాస్టరు బల్ల వైపు చూస్తూ ఉండండి."

పెద్ద మేడం విసుక్కుంటూనే కూర్చుంది. ఆ చివర మాస్టరు ఇటు వీపు పెట్టి, పరిచిన గుడ్డ మీద కర్రస్కేలు నొక్కి పట్టుకుని, మడతలు సాగదీస్తున్నాడు. నల్ల చొక్కా వేసుకున్నాడు. ప్యాటర్నమ్మ కుర్చీ పక్కకి వచ్చి, మేనేజరు ఆ రోజు నిలబడ్డ చోట నిలబడింది. గొంతు పెంచలేదు. పక్కనున్న మనిషితో మామూలుగా అన్నట్టే అంది.

"బాబాయ్, నీ కుడి భుజం మీద సుద్ద."

మాస్టరు ఎడమచెయ్యి పైకి లేచింది. కుడి భుజాన్ని దులిపింది. సరిగా పోయిందో లేదో అని మెడ తిప్పి చూసుకుని, ఇంకోసారి దులిపింది. భుజం మీద సుద్ద అసలు లేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు.

పెద్ద మేడం ఆయన్ని చూసింది. తర్వాత బల్ల కింద ఊళ పెడుతున్న డబ్బాని చూసింది. "ఆయనకి వినపడింది," అంది నెమ్మదిగా.

"వినపడుతుంది మేడం. ఈ మోతలోనే వినపడితే, పాత మోతలో వినపడక చస్తుందా?"

"మాస్టరుగారూ, ఇలా రండి."

ఆయన తానుల పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చాడు. ఆ నాలుగడుగులు వేయడానికి చాలాసేపు పట్టింది. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అక్కడేదో అవసరమైన పని ఉన్నట్టు.

"ఆ రోజు ఈయన ఏమన్నారు?"

మాస్టరు మేనేజరు వైపు ఒకసారి చూశాడు. "అలవెన్స్ తీసెయ్యమన్నారు మేడం. గుడ్డ కలిసొస్తుందన్నారు."

"మేడం, అసలు ఆ రోజు పరిస్థితి ఏంటంటే..." అని మేనేజరు నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు.

"పరిస్థితి లోపల చెబుదురుగాని, పదండి," అని పెద్ద మేడం లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నీ మార్కర్లు నువ్వే పంపుకో అమ్మా. ఆ రోజు నలుగురిలో అన్నాను, సాయంత్రం లైన్లో నలుగురిలోనే ఈ మాటా చెబుతాను."

ప్యాటర్నమ్మకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎందుకనిపించదు? పోయిన పరువు నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది. చెక్క అవతల పెద్ద మేడం ఏం కడిగేస్తోందో వినాలని ప్రాణం కొట్టుకుంది గానీ, ఆ ఊళలో ఏమీ తెలియడం లేదు. స్విచ్చి కట్టేసింది. దిమ్మ రొప్పుతూ రొప్పుతూ ఆగింది. ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది.

మాస్టరు కదల్లేదు. పక్కనే నిలబడి ఉన్నాడు.

"నా కళ్ళు మసకేస్తున్నాయమ్మాయ్," అన్నాడు. "గీత మీద కత్తెర నిలవడం లేదు. సారు కనిపెట్టాడు. నోరెత్తితే కోత బల్ల దగ్గర్నుంచి తీసేసి, పెట్టెలు కట్టే చోట కూర్చోబెడతానన్నాడు. నేను కోత తప్ప ఇంకోటి ఎరగను. భయపడ్డాను."

ప్యాటర్నమ్మ దిమ్మని బయటికి లాగి నేల మీద పెట్టింది. కొత్త ఫ్యాను బెజ్జాల్లోంచి రబ్బరు మేకులు దూర్చి, అవతల్నుంచి ఒక్కొక్కటే పట్టి లాగింది. రబ్బరు సాగి, టక్కున కూర్చుంది. జాలి వేసింది. అబద్ధమెందుకు, బాగానే జాలి వేసింది. ముక్కు కాగితానికి ఆనించి చూసేది తప్పులు పట్టడానికి కాదు, కనపడక. ఆ ముక్క ముందే తనతో అనుంటే, ఆయన గీత మీద తన కళ్ళు పెట్టి కాపలా కాసేది. ఆ సంగతి ఆయనకి తెలియదా? బాగా తెలుసు. తెలిసి కూడా తనని తోసేసి తను నిలబడ్డాడు. జాలి పడినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం కూడా తీసుకెళ్ళి ఆయన లెక్కలోనే వేసింది.

"ఏదో ఒకటి అనమ్మాయ్. తిట్టు, పడతాను. చెప్పు తీసుకుని కొట్టినా పడతాను."

తిట్లకేం, మొన్నటి నుంచి నోటి నిండా నూరి పెట్టుకుంది. చెబితే ఆయన తల వంచుకుని వింటాడు. విని, కళ్ళు తుడుచుకుంటాడు. తనూ తుడుచుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరూ తేలికపడిపోతారు. అందుకే అనలేదు. పక్కరేకు మూసి, చేతులు దులుపుకుని లేచి, స్విచ్చి వేసింది. తెర వెలిగింది. ఫ్యాను తిరుగుతోందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది.

"పన్లు ఆగిపోతున్నాయి మాస్టరు గారూ," అంది ఎంతో మర్యాదగా. "మీరు పదండి. మార్కరు నేను పంపిస్తాను."

చెంప మీద కొట్టి ఉంటే ఆయన నిలబడేవాడేమో. ఆ గారుకీ ఆ మీరుకీ మాత్రం నిలబడలేకపోయాడు. తానుల మీద చెయ్యి ఆనించుకుంటూ తన బల్ల దగ్గరికి నడిచాడు.

మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ప్యాటర్నమ్మ బయటికి వచ్చేసరికి, రోజూ ఇద్దరూ తినే బెంచీ మీద ఆయన ముందే కూర్చుని ఉన్నాడు. డబ్బా మూత తియ్యలేదు. ఆవిడని చూసి ఓ పక్కకి జరిగి, చోటు చేత్తో తుడిచాడు.

"పర్లేదు, మీరు కానివ్వండి మాస్టరు గారూ," అని నవ్వుతూ దాటిపోయి, ఇస్త్రీ అక్క పక్కన కూర్చుంది ప్యాటర్నమ్మ. అక్క కూర పెడితే పెట్టించుకుంది, మళ్ళీ అడిగి పెట్టించుకుంది. అటు ఒక్కసారి కూడా చూడకుండా, కడుపునిండా తింది.